పొయ్యికి రెండు బిందెలు

ఆ జూన్‌లో మా ఆఫీసు సర్వర్లు ఒక్క నిమిషం కూడా పడలేదు. గోడకున్న తెర మీద పచ్చగీత పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిన్నగా సాగింది. పెద్దసారు లడ్డూలు తెప్పించి తలా ఒక డబ్బా పంచారు. నాకూ ఇచ్చారు. నేను దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగుతూ సీటు మీదే వదిలేశాను.

రెండు వేల ఎనిమిది సంగతి. సైదాబాద్‌లో ఒక మూడంతస్తుల ఇంట్లో మా కంపెనీ ఉండేది. పరీక్షల ఫలితాలు, కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ ఇంటర్నెట్‌లో నడిపే కాంట్రాక్టు వాళ్ళది. నేను జనరేటర్ చూసేవాణ్ణి. డీజిల్ పోయడం, బ్యాటరీల్లో నీళ్ళు చూడడం, సర్వర్ల గదిలో ఏసీ ఆగితే పరుగెత్తడం. ఏడో తరగతి మధ్యలో బడి మానేసినవాడికి అంతకంటే ఎవరిస్తారు? పదకొండేళ్ళు చేశాను. ఆ పదకొండేళ్ళలో నన్ను అక్కడ సలహా అడిగింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ సగమే చెప్పాను.

మే నెలలో పదో తరగతి ఫలితాల రోజు సర్వర్లు పడిపోయాయి. పదకొండు గంటలకు ఫలితాలు వదిలితే పదకొండూ నాలుగుకు అన్నీ చచ్చాయి. పెద్దసారు రాధాకృష్ణమూర్తి గారికి కాంట్రాక్టు ఇచ్చిన పై ఆఫీసుల నుంచి ఒకటే ఫోన్లు. ఆయన మెట్ల మీద నుంచే అరిచారు.

"ఏవయ్యా నర్సింహా, నీ జనరేటర్ ఏమన్నా తేడా చేసిందా?"

"జనరేటర్ ముట్టనే లేదు సార్. కరెంటు ఉంది."

తప్పు ఎక్కడ జరిగినా మొదటి చూపు కింది మెట్టు మీదే పడుతుంది. నాకది అలవాటే.

సర్వర్ల గది బయట భరద్వాజ్ తల పట్టుకుని కూర్చున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. ముప్పై లోపే ఉంటాడు. ఆ ఆఫీసులో నన్ను అన్నా అని పిలిచేది అతనొక్కడే. ఏసీ చూద్దామని పోయినవాణ్ణి ఆగి, ఏమైందని అడిగాను. చెప్పే ఓపిక ఉండదనుకున్నాను. చెప్పాడు.

"ముందు నాలుగు సర్వర్లు ఉన్నాయన్నా. జనం వచ్చి వాటినే తడతారు. వెనకాల మార్కులన్నీ ఉండే డేటాబేస్ మాత్రం ఒక్కటే. అది సెకనుకు నూటయాభై మందికి జవాబు చెప్పగలదు. మేం నాలుగింటికీ తలా వందమందిని లోపలికి వదలమని పెట్టాం."

"నాలుగొందల మంది పోయి దాని మీద పడ్డరు."

"పడ్డారు. పోనీ, తలా ముప్పై ఐదు పెడదామంటే ఒకదాని ముందు గుంపు ఉంటుంది, ఇంకోటి ఈగలు తోలుకుంటూ ఉంటుంది. దీని లెక్క దానికి తెలీదు, దాని లెక్క దీనికి తెలీదు."

నాకు నవ్వొచ్చింది. "మా ట్యాంకర్ కాడ లొల్లి అచ్చం గిట్లనే ఉండె."

ధూల్‌పేట్ వెనక మా గల్లీకి ఎండాకాలం రోజు విడిచి రోజు నీళ్ళ ట్యాంకర్ వచ్చేది. ఆ సంగతే అతనికి చెప్పాను.

"ట్యాంకర్‌కు నాలుగు పైపులు, పైపుకొక మనిషి. ఎవని లెక్క వానిదే. వాడు పది బిందెలు ఇడుస్తడు, వీడు ఇరవై ఇడుస్తడు, ట్యాంకర్ ఖాళీ. ఎనకున్నోళ్ళకు నీళ్ళు లెవ్వు, తిట్లే. గప్పుడు మా ఆడామె స్టూల్ ఏసుకొని నడుమ కూసుంది. రేకు బిళ్ళలు కొట్టించింది. ట్యాంకర్‌ల ఎన్ని బిందెలు పడతయో గన్నే బిళ్ళలు. బిళ్ళ లేంది ఏ పైపు ఇడువద్దు."

భరద్వాజ్ తలెత్తాడు. "అంటే లెక్క ఒక్కచోటే ఉంటుంది. బాగుంది. కానీ ప్రతి బిందెకీ నలుగురూ ఆవిడ దగ్గరికే పరుగెత్తాలి కదా? అప్పుడు ఆవిడ దగ్గర కడుతుంది లైను."

"కట్టింది. అందుకే పైపు పైపుకు పదేసి బిళ్ళలు ముందే పంపుతది. అయిపోతే ఇంకో పది. గుంపున్న పైపు మళ్ళ మళ్ళ తీస్కపోతది. ఖాళీగున్నది ఎనక్కి ఇచ్చేస్తది."

అతను కాగితం లాక్కుని గీతలు గీయడం మొదలుపెట్టాడు. తలెత్తకుండానే అడిగాడు. "ఒక్కొక్కరికి ఎన్ని?"

"ఇంటికి రెండు బిందెలు."

"తోసుకుంటూ మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళని ఏం చేస్తారు?"

"లైన్ చివరకు పంపుతం. మళ్ళ తోస్తే మళ్ళ చివరకే."

"ఇల్లంటే మాకు ఇంటర్నెట్ లైను అన్నా," అన్నాడు తనలో తను అనుకుంటున్నట్టు. "ప్రతి లైనుకీ బయటికి కనిపించే నంబరు ఒకటి ఉంటుంది. నంబరుకి ఇన్ని అని పెడితే సరిపోతుంది. దాటితే పది నిమిషాలు ఆపేస్తాం. ఆ పది నిమిషాల్లో మళ్ళీ తడితే పది నిమిషాలు మళ్ళీ మొదలు."

మర్నాడు ఇంట్లో డబ్బాలోంచి ఒక రేకుబిళ్ళ తెచ్చి అతనికి చూపించాను. తన కంప్యూటర్ మీద పెట్టుకున్నాడు. మూడు వారాలు కష్టపడి ఆ లెక్కపెట్టే ప్రోగ్రాం రాశాడు. దానికి పుష్పమ్మ అని పేరు పెట్టాడు. "పుష్పమ్మ పైకి లేచిందా?" "పుష్పమ్మ టోకెన్లు ఇస్తోందా?" అని ఇంజనీర్లు ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటే, నా భార్య పేరు ఆ ఏసీ గదుల్లో తిరుగుతుంటే, నేను డీజిల్ డబ్బా పట్టుకుని ఊరికే అటూ ఇటూ నడిచేవాణ్ణి.

ఇంట్లో చెప్తే పుష్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బిళ్ళలు లెక్కపెడుతోంది అప్పుడు. "అందుకేనా, ఒకటి తక్కువొస్తుంది! దొంగ మొగుడా." మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, చెయ్యి ఆపి అడిగింది. "పొయ్యిల సంగతి చెప్పినవా వాళ్ళకు?"

చెప్పలేదు.

మా గల్లీలో ఇంటికి రెండు బిందెలు అన్న కట్టుబాటు ఒక్క వేసవే నడిచింది. మా దగ్గర ఒక్క తలుపు వెనక ఆరు కుటుంబాలుంటాయి. సొంతిల్లున్న ముగ్గురికీ రెండు బిందెలు, ఆరు వాటాల్లోని పాతికమందికీ రెండే బిందెలు. ఒకరోజు మిద్దె మీద అద్దెకుండే కృష్ణమ్మ ఖాళీ బిందె తెచ్చి పుష్పమ్మ కాళ్ళ మీద విసిరికొట్టింది. "తలుపులు తాగుతయా నీళ్ళు?" అని అడిగింది. ఆ సాయంత్రమే పుష్పమ్మ ఇల్లిల్లూ తిరిగి లోపలికి పోయి పొయ్యిలు లెక్కపెట్టుకొచ్చింది. అప్పటి నుంచి పొయ్యికి రెండు. ఇంకో కట్టుబాటు కూడా తనే పెట్టింది. బిళ్ళలు ఎవరి చేతుల్లో ఉంటే వాళ్ళ బిందె ఆఖరున నిండాలి. నిండకపోతే నిండకపోయినట్టే. అందుకే ఆమె మాట గల్లీలో చెల్లేది.

"వాళ్ళ కంప్యూటర్లల్ల పొయ్యిలెక్కడియే?" అన్నాను.

"ఒక్క తలుపు ఎనక ఆరుగురు ఉంటే ఎట్లని అడుగుతున్న. గట్ల ఉండదా వాళ్ళకు?"

ఉంటుంది. నాకు తెలుసు. మా గల్లీ మూలమీద బబ్లూ నెట్ సెంటర్‌కు బ్యాటరీలు కట్టింది నేనే. పన్నెండు కంప్యూటర్లు, బయటికి పోయే లైను ఒక్కటి. ఆ చుట్టుపక్కల కంప్యూటర్ ఉన్న ఇల్లే లేదు. మా కూతురు పూజిత సీటు ఫారం నింపాల్సిందీ అక్కడే.

"రేపు చెప్త తియ్," అన్నాను.

మర్నాడు చెబుదామనే పోయాను. భరద్వాజ్ గదిలో పై ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, పెద్దసారు ఉన్నారు. తలుపు దగ్గర నన్ను చూసి భరద్వాజ్ లోపలికి లాగాడు. "సార్, ఈ పద్ధతంతా మా నర్సింహన్న చెప్పిందే." వాళ్ళలో ఒకాయన లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. చేతికి డీజిల్ వాసన. ఆయన పట్టించుకోలేదు. "మా జనరేటర్ ఆపరేటర్లు కూడా ఆర్కిటెక్టులేనండీ!" అన్నారు పెద్దసారు. అందరూ నవ్వారు, మంచిగానే నవ్వారు.

ఆ పద్ధతిని మేమే ఒక్క ఏడాదికే తప్పని తీసేశామని అప్పుడు చెప్పాలి. నోటి దాకా వచ్చిన మాటను మింగేసి బయటికొచ్చాను. రేపు చెప్పొచ్చు అనుకున్నాను. ఆ రేపు మళ్ళీ ఇంకో రేపయింది. నన్ను మెచ్చుకున్న మాట ఇంకో నాలుగు రోజులు బతకనీ అనుకున్నానేమో. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

పూజితకు పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. గవర్నమెంటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ సీటుకు సరిపోయే ర్యాంకు. బస్సులో పోయి రావచ్చు. ఏ కాలేజీ కావాలో వరసగా కంప్యూటర్లో పెట్టుకోవాలి. ఆమె ర్యాంకు వాళ్ళకు ఇచ్చింది ఒక్కరోజు, సాయంత్రం ఐదు వరకు. నా వెంట ఆఫీసుకు తీసుకుపోయేవాణ్ణే. కానీ కౌన్సెలింగ్ మొదలయ్యేముందే పెద్దసారు అందరితో సంతకాలు పెట్టించారు. ఆఫీసు నుంచి ఎవరి ఫారమూ నింపకూడదు, తేలితే ఉద్యోగం ఊడుతుంది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా మా గల్లీలో కరెంటు లేదట, బబ్లూ బ్యాటరీలు పొద్దున్నే దిగిపోయాయట. మూడున్నరకు ఆఫీసు ఫోన్ మోగింది. నాకోసం.

"బాపు, తెరుచుకుంటలేదు. 'పరిమితి దాటింది, పది నిమిషాలు ఆగి రండి' అంటుంది."

"ఫికర్ చెయ్యకు. మళ్ళ కొట్టు. ఇడువకుండ కొడ్తనే ఉండు."

అట్లా చెప్పింది నేనే. తోసినవాణ్ణి లైన్ చివరకు పంపాలని చెప్పినవాణ్ణి నేనే. ఫోన్ పెట్టేసి గోడ మీది తెర చూశాను. పచ్చగీత తిన్నగా ఉంది.

నాలుగూ పదికి మళ్ళీ ఫోన్. ఈసారి వెనకాల గోల. "బబ్లూ భాయ్, మెషీన్ బంద్ కర్‌కే చాలూ కరో!" అని, మెషీన్ ఆపి మళ్ళీ పెట్టమని ఎవరో అరుస్తున్నారు. బబ్లూ గొంతు: "అరే, మేరా మెషీన్ ఠీక్ హై బాబా, ఉధర్ సే బంద్ హై!" తన మెషీన్ బాగానే ఉంది, అటువైపే ఆపేశారంటున్నాడు.

"ఈడ ఎవ్వరిది అయితలేదు బాపు. పక్క సెంటర్‌ల గిట్లనేనట. పదిమందిమి మిగిలినం," అంది పూజిత.

ఫోన్ పెట్టొద్దని చెప్పి భరద్వాజ్ దగ్గరికి పరుగెత్తాను. విన్నాడు. ఏవో అంకెల వరసలు తెర మీదికి తెచ్చాడు. ఆపేసిన లైన్ల నంబర్లు, కిందికీ కిందికీ పోతూనే ఉన్నాయి.

"ఆ సెంటర్‌లో ఎన్ని కంప్యూటర్లన్నా?"

"పన్నెండు."

"లైను?"

"ఒక్కటే."

అతను తెర వైపు కాదు, నా వైపు చూశాడు. "నీకు ముందే తెలుసా?"

నేను రేకుబిళ్ళ వైపు చూశాను.

అతను పై ఆఫీసులో ఉన్న పెద్దసారుకు తన సెల్ నుంచి ఫోన్ చేశాడు. ఆయన గొంతు నాకూ వినపడింది. "చివరి గంటలో గేటు ముట్టుకుంటావా? నాలుగూ పడితే ఎవరయ్యా జవాబు చెప్పేది? ఎవరో నెట్ సెంటర్ల వాళ్ళ గొడవ మనకెందుకు? ముట్టుకోకు."

భరద్వాజ్ ఫోన్ పెట్టేసి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "లోపలి నుంచి పోయే లైనుకి ఈ లెక్క లేదు. మీ అమ్మాయిని హాల్‌టికెట్ నంబరు, పాస్‌వర్డ్ చెప్పమను. కాలేజీలు వరసగా చెప్పమను. నేను నింపుతా."

"నీ నౌకరీ..."

"చెప్పమను అన్నా."

పూజిత లైనును అతని బల్ల మీది ఫోన్‌కు కలిపించి, చెవికి పెట్టుకుని ఆమె చెప్పిన అంకెలు ఒక్కొక్కటే పైకి చదివాను. అతను కొట్టాడు. పాస్‌వర్డ్, ఐదు కాలేజీల కోడ్‌లు. ఐదు నిమిషాలు పట్టింది. "అయిపోయింది," అన్నాడు.

"బాపు, ఇంకోటి చెప్తున్న, రాయమను."

భరద్వాజ్ తలూపాడు. ఇంకోటి రాశాం. తర్వాత ఇంకోటి. నాకు బాగానే అనిపించింది. మన పని అయింది, పదిమందికి పనికొస్తున్నాం అనుకున్నాను. ఐదోదో ఆరోదో అయ్యాక మాటవరసకు అడిగాను.

"మా పూజితకు ఫస్ట్ ఏ కాలేజీ పెట్టినవ్?"

అతని వేళ్ళు ఆగాయి. తొందరలో చూడని పేర్లు ఇప్పుడు వెనక్కి తిప్పి చూశాడు. "పూజితా? మొదటిది నస్రీన్ అన్నా. రెండోది సీమోను అని ఎవరో. పూజిత పేరు ఇంకా రాలేదు."

గోడ గడియారంలో నాలుగూ నలభై ఐదు దాటింది.

"పూజితా, నీది చెప్పు."

"ఇంకా ముగ్గురున్నరు బాపు."

"నీది చెప్పు ముందు!" ఆఫీసంతా తిరిగి చూసింది.

"ఫోన్ నా చేతుల ఉంది గద." ఆమె గొంతులో కోపం లేదు, పెద్దరికమూ లేదు. బియ్యం అయిపోయాయి అన్నట్టు చెప్పింది. "మనది ఆఖరుకు." అని, తర్వాతి నంబరు చదవడం మొదలుపెట్టింది.

చిన్నప్పటి నుంచి తల్లి స్టూల్ పక్కన నిలబడి చూసిన పిల్ల. ఆమెకు ఇంకో పద్ధతి తెలియదు. ఆమె హాల్‌టికెట్ నంబరు గానీ పాస్‌వర్డ్ గానీ నాకు తెలియవు. చదివింది చదివినట్టు పైకి చెప్పడం తప్ప నా చేతిలో ఏమీ లేదు. త్వరగా చెప్పాను. తొందరలో ఒక అంకె తప్పు చెప్పాను. మళ్ళీ మొదటి నుంచి కొట్టాల్సి వచ్చింది. అక్కడ ఒక నిమిషం పోయింది.

నాలుగూ యాభై ఎనిమిదికి తొమ్మిదో ఫారం అయింది. ఆమె తన నంబరు చెప్పింది. పాస్‌వర్డ్ చెప్పింది. రెండు కోడ్‌లు కొట్టాడు, మూడోది కొడుతున్నాడు. పేజీ తెల్లబడింది. 'సమయం ముగిసినది.'

"అయిందా బాపు?"

భరద్వాజ్ రెండు చేతులూ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నేను లేదని చెప్పాను.

"సరే. ఫోన్ పెడ్తున్న. బబ్లూ భాయ్ తాళం ఏసుకుంటడట."

ఐదుంపావుకు పెద్దసారు లడ్డూలతో వచ్చారు.

ఇంటికి పోయేసరికి పుష్పమ్మ గడప మీద కూర్చుని ఉంది. పూజిత లోపల అటు తిరిగి పడుకుంది. నేను చెప్పులు విడిచే దాకా పుష్పమ్మ ఆగింది.

"పొయ్యిల సంగతి చెప్పినవా వాళ్ళకు?"

"చెప్పిన," అన్నాను. "వాళ్ళు ఇనలే."

ఆమె నమ్మింది. పాతికేళ్ళ కాపురంలో నేను ఆమెకు చెప్పిన అబద్ధాలు చాలా ఉన్నాయి. ఏదీ ఇంత సులభంగా నోట్లోంచి రాలేదు.

రెండో విడతలో మిగిలిన సీట్లు జిల్లాల్లో, హాస్టల్ లేని చోట. పూజితను దగ్గర్లో ఇంటర్‌లో వేశాం. ఆ పైన డిగ్రీ రెండో ఏట ఆగింది. ఇప్పుడు అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో చేస్తోంది. ఆ తొమ్మిది మందిలో ఏడుగురికి సీట్లు వచ్చాయి. నస్రీన్ ప్రతి రంజాన్‌కూ షీర్ ఖుర్మా పంపుతుంది. తల్లీకూతుళ్ళు తింటారు. నాకు తీపి పడదని చెప్పాను.

జూలైలో ఒక ఆదివారం పొద్దున్నే భరద్వాజ్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తొమ్మిది ఫారాలు ఆఫీసు లోపలి లైను నుంచి పోయినట్టు లెక్కల్లో దొరికింది. అతన్ని తీసేశారు. ఫోన్ పట్టుకున్నది ఎవరని అడిగితే నా పేరు చెప్పలేదు. బెంగళూరు పోతున్నానని, పోయేముందు ఇది ఇచ్చి పోదామని వచ్చానని జేబులోంచి రేకుబిళ్ళ తీసి పుష్పమ్మకు ఇచ్చాడు.

పుష్పమ్మ పీట వేసింది. చాయ్ ఇచ్చింది. ఇచ్చి ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది.

"చదువుకున్నోళ్ళు గద మీరు? ఈన చిన్న నౌకరీ చేసేటోడే కావచ్చు. మంచికే చెప్పిండు గదా, తలుపులు కాదు పొయ్యిలు లెక్కపెట్టున్రి అని! ఒక్క మాట ఇంటే ఏం పోతుండె మీది? నా పిల్ల కండ్లు వాచిపోయినయ్ నెల దినాలు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపలి గది గడపలో పూజిత బిందె కడుగుతోంది. చేతులు ఆగాయి.

భరద్వాజ్ చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు. "చెప్పాడు. నేనే వినలేదు. తప్పు నాదే."

చాయ్ మొత్తం తాగాడు. గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. "వస్తానన్నా," అని నా వైపు చూడకుండానే గల్లీలోకి దిగిపోయాడు. అతని వెనకే పోయి ఒక మాట చెప్పడానికి నాకు పది అడుగులు చాలు. మూల తిరిగే దాకా చూస్తూ నిలబడ్డాను.

ట్యాంకర్ హారన్ వినపడింది. పుష్పమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని బిళ్ళలు లెక్కపెట్టింది. అన్నీ ఉన్నాయి.

"మంచి పిలగాడే," అంది మూత పెడుతూ. "తప్పు నాదని మొకం మీద చెప్పిండు. గట్ల చెప్పే మొగోణ్ణి ఇన్నేండ్లల్ల చూడలే."

పూజిత బిందె ఎత్తుకుని నన్ను దాటుకుంటూ బయటికి పోయింది. పోయి లైన్ చివర నిలబడింది.